బండి తోస్తే రాని నొప్పి: ఒక కైరోప్రాక్టర్ రాసుకున్న కేసు

ఈ కేసు గురించి రాస్తానంటే ఆ పెద్దావిడా, వాళ్ళబ్బాయీ ఇద్దరూ సరేనన్నారు. ఊరి పేరు తీసేశాను, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, నా పొరపాటుతో సహా.

నేను టెక్సాస్‌లో కైరోప్రాక్టర్‌ని, అంటే వెన్నుకీ కీళ్ళకీ చేత్తో వైద్యం చేసేదాన్ని. నా క్లినిక్కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. అందులోనూ ముప్పైకీ నలభై ఐదుకీ మధ్య వయసున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. రోజంతా ముందుకి వంగి కూర్చుని, పూసల మధ్య డిస్కు ఉబ్బి, నడుం పట్టుకుని వస్తారు. వాళ్ళకి వెనక్కి వంగే వ్యాయామాలు చెప్పి చెప్పి నాకు అదొక అలవాటైపోయింది. ఈ కేసులో నన్ను పక్కదారి పట్టించింది ఆ అలవాటే.

నేపథ్యం

ఆవిడకి 66 ఏళ్ళు. గోదావరి పక్క పల్లెటూరు. కోడలి పురిటికని వచ్చారు, ఆరు నెలలు ఉండేలా టికెట్టు. వచ్చిన రెండో నెలలో నడుం నొప్పి మొదలైంది. నా దగ్గరకి వచ్చేసరికి తిరుగు ప్రయాణానికి ఇంకా మూడున్నర నెలలు ఉంది.

ఈలోపు ఇంట్లో చేయగలిగినవన్నీ చేశారు. ఊరినుంచి తెచ్చుకున్న నొప్పుల తైలం, వేడినీళ్ళ కాపడం, కొడుకు కొన్న మసాజ్ గన్, నడుం బెల్టు, వీడియో చూసి కోడలు నేర్పిన భుజంగాసనం. ఏదీ నిలవలేదు. "మా ఊళ్ళో అయితే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత మూడుసార్లు తన్నించుకునేదాన్ని. ఇక్కడ అలాంటివాళ్ళని ఎక్కడ వెతకనమ్మా?" అన్నారు మొదటిరోజే.

ఆ మాటని నేను కొట్టిపారేయలేదు. మామూలు నడుం పట్టు చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గే సమయానికి ఎవరు తన్నితే వాళ్ళకి పేరొస్తుంది. నా వృత్తికీ ఈ ప్రమాదం ఉంది. నేను చేసినదాని వల్ల తగ్గిందా, తగ్గే టైముకి నేను అక్కడ ఉన్నానా అని ప్రతి పేషెంటు విషయంలోనూ అడుక్కోవాల్సిందే.

పదేళ్ళుగా షుగరు, బీపీ, రెండింటికీ మాత్రలు వాడుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆపరేషన్లేమైనా అయ్యాయా అంటే, ముందు లేవన్నారు. కొడుకు ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి, "ముప్పై నాలుగో ఏట గర్భసంచి తీసేశారు" అన్నారు. అండాశయాలు కూడా తీశారా అని అడిగాను. "మొత్తం తీసేశామన్నారమ్మా, నాకేం తెలుసు" అన్నారు.

మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళ విషయంలో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళ నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అండాశయాలు కూడా పోతే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముక ముందుగానే గుల్లబారడం మొదలవుతుంది. ముప్పై రెండేళ్ళుగా అలా ఉన్న వెన్నెముక మీద చెయ్యి వేసే ముందు ఎవరైనా ఆగాలి.

ఏ సమస్యతో వచ్చారు

రిసెప్షన్‌లో ఇచ్చిన ఫారం కొడుకే నింపాడు. 'నడుం నొప్పి, కాళ్ళ నొప్పి' అని రెండు ముక్కలు ఇంగ్లీషులో రాశాడు. గదిలోకి వచ్చాక కూడా నేను అడిగిన ప్రతిదానికీ అతనే జవాబు చెప్పాడు. మంచి కొడుకు, తల్లి మీద ప్రాణం. కానీ ఆ ఫారంలో అమ్మ మాట లేదు. ఆవిడ వాడిన మాటలు వేరు: నడుం 'పట్టేస్తోంది', పిక్కలు 'లాగేస్తున్నాయి', అరికాళ్ళు 'తిమ్మిరెక్కుతున్నాయి', తొడలు 'బరువెక్కి కదలవు'. తెలుగులో ఇవి నాలుగు వేరువేరు బాధలు. ఫారంలో నాలుగూ కలిసి 'నొప్పి' అయ్యాయి. తిమ్మిర్ల గురించి నేను అడిగితే, "అది షుగరు వల్లేనమ్మా, మా డాక్టరుగారు చెప్పారు" అన్నారు. నేనూ సరేననుకున్నాను.

అప్పుడు కొడుకు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో ఒకాయన మెడ పట్టుకుని తిప్పితే పెద్ద చప్పుడు, పడుకున్న మనిషి మొహంలో ఆనందం. "డాక్టర్ గారూ, అమ్మకి ఇలా ఒక్కసారి టక్కుమనిపిస్తే చాలు కదా?"

నా దగ్గరకి మొదటిసారి వచ్చే చాలామంది మనసులో ఉండేది ఇదే కాబట్టి, ఆ రోజు అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. మనం మెటికలు విరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడూ, వెన్ను దగ్గర వచ్చే చప్పుడూ ఒకటే. కీలు లోపల ద్రవం ఉంటుంది. కీలు ఉపరితలాలు ఒక్కసారిగా ఎడమైతే ఆ ద్రవంలో వాయువుతో ఒక బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టాలో 2015లో వేలి కీలుని ఎంఆర్‌ఐలో పెట్టి లాగి, ఈ ఖాళీ ఏర్పడడం కళ్ళారా చూశారు. మెటిక ఒకసారి విరిచాక కాసేపటిదాకా మళ్ళీ విరగదు, ఇదీ అంతే. ఎముక పక్కకి జరిగి ఉంటే దాన్ని లోపలికి నెట్టిన చప్పుడు కాదది. జరిగిన పూసని సర్దేశానని ఎవరైనా చెబితే నమ్మకండి. చప్పుడు రాకపోయినా వైద్యం జరగవచ్చు, చప్పుడు వచ్చినా ఏమీ జరగకపోవచ్చు.

ఈ పూస జరగడం అనే మాట మా వృత్తి పుట్టుకలోనే ఉంది. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ దీన్ని మొదలుపెట్టినప్పుడు, రోగాలకి మూలం పూసలు తప్పడమేనని ఆయన నమ్మాడు. ఆ నమ్మకాన్ని ఇప్పటికీ అమ్ముకునేవాళ్ళున్నారు. నేను దాన్ని ఒప్పుకోను. చేత్తో చేసే వైద్యం బిగుసుకున్న కీలు కదలికని పెంచుతుంది, కండరాన్ని వదులు చేస్తుంది, నొప్పిని కొంతకాలం తగ్గిస్తుంది. ఆ తగ్గిన కాలంలో మనిషిని కదిలించగలిగితే మేలు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన సూచనల్లో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌లతో పాటు ఈ వెన్ను వైద్యాన్నీ చేర్చారు. మా గౌరవం అంతవరకూ, అంతే.

మొదటి రెండు వారాలు

మొదటి సందర్శన గంటసేపు పట్టింది. అందులో చెయ్యి వేసి చేసిన చికిత్స పది నిమిషాలే. మిగతాదంతా ప్రశ్నలు, పరీక్ష. మూత్రం, విరేచనం పట్టు తప్పుతున్నాయా, కూర్చునే చోట మొద్దుబారిందా, జ్వరం ఉందా, చెప్పాపెట్టకుండా బరువు తగ్గారా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, ఎప్పుడైనా కేన్సర్ వచ్చిందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా నా పని ఆవిడని డాక్టరు దగ్గరకి పంపడమే. మొదటి రెండింటికి అవునంటే నేరుగా ఎమర్జెన్సీకే. అన్నిటికీ లేదన్నారు. కాళ్ళ బలం బాగానే ఉంది. కాలు చాచి పైకెత్తితే నొప్పి లేదు. సన్నటి నైలాను పోగుతో పాదాల మీద తాకిస్తే ప్రతి చోటా తెలిసింది.

ఈ చివరిది అక్కడే నన్ను ఆపాల్సింది. షుగరు వల్ల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తుంటే ఆ పోగు స్పర్శ సాధారణంగా మొదట పాదాల దగ్గరే తగ్గుతుంది. ఆవిడకి తగ్గలేదు. అంటే తిమ్మిరికి కారణం ఇంకెక్కడో ఉండవచ్చు. రాసుకున్నాను కానీ ఆలోచించలేదు.

ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో రెండు సరైనవి. ఎముకల సాంద్రత తెలిసేదాకా వేగంగా నెట్టే పద్ధతి ఏదీ వాడకూడదనుకున్నాను. ఆ సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష చేయించమని ఫ్యామిలీ డాక్టరుకి ఉత్తరం రాశాను. నేను మందులు రాయలేను, ఎముక గుల్లబారినట్టు తేలితే చూసుకోవాల్సింది ఆయనే, అందుకే మొదటినుంచీ ఆయన్ని కలుపుకున్నాను. కొడుకు కొంచెం నిరాశపడ్డాడు. వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటివి ఇవ్వదు, ఖర్చంతా చేతినుంచే. పైగా చప్పుడు కోసం తీసుకొస్తే పరీక్షకి పంపుతోంది. "అమ్మ ఎముకలు ఎంత గట్టివో తెలియకుండా నేను నెట్టలేను, క్షమించాలి" అన్నాను. ఆవిడ మాత్రం తలూపారు.

మూడో నిర్ణయం తప్పు. తుంటి వెనక, త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉండే ఎముక) కీలు దగ్గర ఎడమవైపు నొక్కితే నొప్పి ఉంది. ఆ కీలుని పరీక్షించే ఐదు పద్ధతుల్లో రెండింటికే నొప్పి వచ్చింది. కనీసం మూడింటికి వస్తే తప్ప అది నమ్మదగ్గది కాదని నాకు తెలుసు. అయినా బోర్లా పడుకోబెట్టి మోచేతుల మీద లేవమంటే "హాయిగా ఉందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. కీలు బిగుసుకుందని తేల్చి, ఆ ప్రాంతంలో నెమ్మదిగా మర్దనా, కదలికా చేశాను. ఇంటి దగ్గర రోజుకి నాలుగుసార్లు బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే వ్యాయామం చెప్పాను. అంటే కోడలు నేర్పిన భుజంగాసనాన్నే వేరే పేరుతో మళ్ళీ ఇచ్చాను.

ఆ హాయి ఎక్కడిదో తర్వాత అర్థమైంది. ఆ ఉదయమంతా వంటింట్లో నిలబడి వచ్చిన మనిషి మొదటిసారి పడుకున్నారు. హాయి పడుకోవడం వల్ల వచ్చింది. వెనక్కి వంచడం వల్ల కాదు.

ఏది పనిచేయలేదు

వారానికి రెండుసార్లు రమ్మన్నాను. ప్యాకేజీ ఏమైనా ఉందా అని కొడుకు అడిగాడు. ముప్పై, నలభై సందర్శనలకి ముందే డబ్బు కట్టించుకునే చోట్లున్నాయి. నేను అలా చేయను. ఎందుకంటే ఆరో సందర్శనలో మళ్ళీ పూర్తిగా పరీక్షించి, మెరుగు లేకపోతే దారి మార్చాలి, లేదా వేరేవాళ్ళ దగ్గరకి పంపాలి. డబ్బు ముందే పుచ్చుకుంటే ఆ నిర్ణయం తీసుకోవడం నాకే కష్టమవుతుంది.

రెండో సందర్శనలో, "ఎలా ఉంది ఆంటీ?" అంటే "పర్వాలేదమ్మా" అన్నారు. మూడోసారి కూడా "పర్వాలేదు". నా కాగితాల్లో 'నెమ్మదిగా మెరుగవుతోంది' అని రాసుకున్నాను. మన పెద్దవాళ్ళ 'పర్వాలేదు'లో ఎన్ని అర్థాలుంటాయో తెలిసిన మనిషినే. మా అమ్మమ్మ ఆఖరి వారంలో కూడా పర్వాలేదనే అంది. అయినా రాసుకున్నాను.

నాలుగోసారి వచ్చినప్పుడు నేను ఇంకో పేషెంటుతో ఉన్నాను. తలుపు సందులోంచి చూస్తే ఆవిడ రిసెప్షన్ కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించి, నడుం వంచి నిలబడి ఉన్నారు. పక్కనే కుర్చీ ఉంది. కారు పార్కింగు నుంచి లోపలికి నడిచి వచ్చారంతే. అలా వంగి కొద్దిసేపు నిలబడి, తేరుకుని, కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు గదిలోకి కొడుకుని రానివ్వలేదు. బయట కూర్చోమని మర్యాదగానే చెప్పాను. "కౌంటరు మీద ఎందుకు వాలారు ఆంటీ?"

"కాళ్ళు బరువెక్కేశాయమ్మా. అలా వాలితే దిగిపోతుంది."

"నడిచినప్పుడల్లా ఇంతేనా?"

"కోడలితో పార్కుకి వెళ్తే రెండు నిమిషాలు నడిచి బెంచీ వెతుక్కుంటాను. అదే సరుకుల షాపుకి వెళ్తే బండి తోసుకుంటూ కొట్టంతా తిరిగేస్తాను, ఏమీ ఉండదు. వీడు నవ్వుతాడు, షాపింగంటే నొప్పి పోతుందా అమ్మా అని."

మొదటిరోజే నేను అడగాల్సిన ప్రశ్న ఇది. ఇక్కడ ఆగి ఇంకోటి అడిగాను. ఊళ్ళో ఉన్నప్పుడు ఇలా లేదా? ఆలోచించి, లేదన్నారు. అక్కడ ముగ్గు వేసేది వంగి. కూర తరిగేది కత్తిపీట ముందు కూర్చుని. బియ్యం ఏరేది అరుగు మీద. గిన్నెలు తోమేది పీట మీద. ఇక్కడికొచ్చాక అన్నీ నిలబడే: గట్టు ముందు నిలబడి కోత, నిలబడి వంట, సింకు ముందు నిలబడి గిన్నెలు. అరవై ఆరేళ్ళు ముందుకి వంగి పనిచేసిన నడుముకి, రోజుకి ఐదారు గంటలు నిటారుగా నిలబడే పని ఒక్కసారిగా వచ్చి పడింది.

మరి నా వ్యాయామం? "చేస్తున్నానమ్మా, నువ్వు నాలుగుసార్లన్నావు, నేను ఆరుసార్లు చేస్తున్నాను. చేశాక కాళ్ళు ఇంకా లాగుతున్నాయి. నువ్వింత శ్రద్ధగా చూస్తుంటే బాగాలేదని ఎలా చెప్పను?" మొదట నాలుగు నిమిషాలు నడవగలిగిన మనిషి నా వైద్యంతో రెండు నిమిషాలకి దిగారు. ఆ వాక్యం నా నోట్సులో ఎర్ర సిరాతో ఉంది.

తిరిగి మొదటినుంచి

నిలబడినా నడిచినా కాళ్ళలో బరువు, తిమ్మిరి. కూర్చుంటే, ముందుకి వాలితే ఉపశమనం. బండి తోస్తే రాకపోవడం. ఇది నడుం దగ్గర, నరాలు వెళ్ళే వెన్ను కాలువ ఇరుకైనప్పుడు కనిపించే తీరు. వైద్యంలో లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అంటారు. వయసుతో పాటు డిస్కు కుంగుతుంది, కీళ్ళు పెరుగుతాయి, వెనకనుండే లిగమెంటు (ఎముకల్ని కలిపే పట్టీ) దళసరి అవుతుంది. వాటి మధ్య నరాలకి చోటు తగ్గుతుంది. వెనక్కి వంగితే ఆ చోటు ఇంకా తగ్గుతుంది, ముందుకి వంగితే కాస్త పెరుగుతుంది. నేను ఇచ్చిన వ్యాయామం రోజుకి ఆరుసార్లు ఆ కాలువని ఇంకా నొక్కుతూ వచ్చింది.

కానీ రెండోసారి తొందరపడదల్చుకోలేదు. నడిస్తే పిక్కలు లాగడం కాళ్ళకి రక్తం సరిగ్గా అందకపోయినా వస్తుంది, ఆవిడకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రక్తనాళాల సమస్యయితే నడక ఆపి ఊరికే నిలబడినా తగ్గిపోతుంది. నరాల సమస్యయితే కూర్చోవాలి, లేదా వంగాలి. కారిడార్‌లో నడిపించి చూశాను. ఆగి నిటారుగా నిలబడితే తగ్గలేదు, వంగితే తగ్గింది. పాదాల దగ్గర నాడి రెండువైపులా బాగా అందింది. అయినా రక్తప్రసరణ పరీక్ష చేయించమని డాక్టరుకి రాశాను. అదీ మామూలుగానే వచ్చింది. నడుం దగ్గర కాలువ ఇరుకైనవాళ్ళలో కొందరికి మెడ దగ్గరా ఇరుకవుతుంది. అందుకని జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, పూలు గుచ్చడం కష్టమవుతోందా అని అడిగి, చేతుల నరాలూ చూశాను. అక్కడేమీ లేదు.

ఎక్స్‌రే నిలబెట్టి తీయించాను. పడుకోబెట్టి తీస్తే పూస జరిగి ఉన్నా కొన్నిసార్లు కనబడదు. నాలుగో నడుం పూస ఐదోదాని మీద కొద్దిగా ముందుకి జారి ఉంది, నాలుగోవంతు కంటే తక్కువ. ఇందాక పూస జరగడం గురించి నేనన్నదానికి ఇది వేరు. ఇది కీళ్ళు అరిగి ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగే మార్పు. దీన్ని చేత్తో నెట్టి వెనక్కి పంపడం ఎవరివల్లా కాదు, ప్రయత్నించకూడదు కూడా. ఎంఆర్‌ఐ అప్పుడే వద్దనుకున్నాం. కాళ్ళ బలం తగ్గలేదు, మూత్రం పట్టు తప్పలేదు, ఆపరేషన్ ఆలోచన లేదు. కాలువ ఎన్ని మిల్లీమీటర్లుందో తెలిసినా ఆ రోజు చేసే వైద్యం మారదు. వేల డాలర్ల బిల్లుకి ముందు ఆ ప్రశ్న వేసుకోవాలి.

ఆ వారమే డెక్సా ఫలితం వచ్చింది. తుంటి దగ్గర టీ స్కోరు మైనస్ 2.7. మైనస్ 2.5, అంతకన్నా తక్కువైతే ఎముక గుల్లబారినట్టే లెక్క. వెన్ను దగ్గర స్కోరు చూడడానికి బాగుంది కానీ, అరిగి పెరిగిన ఎముక దాన్ని అబద్ధంగా పెంచి చూపిస్తుంది. ఆవిడ వెన్ను మీద నెట్టుడు వైద్యం ఇక ఎప్పటికీ చేయకూడదు. కొడుకుకి ఆ కాగితం చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆవిడకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, పంటకాలవతో మొదలుపెట్టాను. కాలవ గట్లు లోపలికి జరిగి, పూడిక పడితే చివరి పొలానికి నీళ్ళు అందవు కదా, మీ నడుంలో కాలవ అలా ఇరుకైంది. వెంటనే అన్నారు: "అయితే పూడిక తీయించాలా?" తీసే ఆపరేషన్ ఉందన్నాను. కాళ్ళు బలం కోల్పోతుంటేనో, నడక మరీ దిగజారిపోతేనో ఆ మాట ఆలోచిద్దాం. చాలామందికి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, కొందరికి మెరుగవుతుంది కూడా. ఇప్పటికి మీరు వంగినప్పుడల్లా గట్లు కాస్త ఎడమవుతాయి, ఆ కిటుకుతో నడుద్దాం. ఆవిడ మొహంలో భయం పోయింది. "అంటే నేను వంగి నడిస్తే తప్పు కాదన్నమాట. వీడు నిటారుగా నడువమ్మా అని చంపేస్తున్నాడు."

నా పొరపాటూ అప్పుడే చెప్పాను. నేనిచ్చిన వ్యాయామం మీకు పనికిరాదు, దానివల్లే పెరిగింది, ఈరోజు నుంచి మానేయండి అని. చెప్పకుండా ఊరికే వ్యాయామం మార్చేయవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ రేపు ఇంకెవరో మళ్ళీ భుజంగాసనం చేయమన్నప్పుడు ఎందుకు చేయకూడదో ఆవిడకి తెలిసి ఉండాలి.

ఏది పనిచేసింది

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. బోర్లా పడుకోబెట్టి, టేబుల్ కింది సగాన్ని నెమ్మదిగా కిందికి వంచుతూ నడుముని ముందుకి సాగదీసే పద్ధతి వాడాను. చప్పుడు ఉండదు, నెట్టుడు ఉండదు, ఊయల ఊగినట్టు ఉంటుంది. ఎముకలు గుల్లబారాయి కాబట్టి వంపు చాలా తక్కువ. మొదటి రెండుసార్లు మర్నాడు ఒళ్ళు నొప్పులొచ్చాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయని, తగ్గకపోతే ఫోన్ చేయమని ముందే చెప్పి ఉంచాను. ఇలా చెప్పి ఉంచకపోతే చాలామంది మూడోసారి రారు.

ఇంట్లో వ్యాయామాలు మూడే. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ పొట్ట దగ్గరకి తెచ్చుకోవడం, నడుముని నేలకి నొక్కడం, తొడ ముందు కండరాన్ని సాగదీయడం. ఎముకల సంగతి తెలిశాక కూర్చుని తల మోకాళ్ళకి ఆనించడం లాంటి గట్టి వంపులు వద్దన్నాను, గుల్లబారిన పూసలు ముందువైపు నలిగిపోవచ్చు. కాలువకి కావాల్సిన వంపు, ఎముక భరించలేని వంపు, ఈ రెండింటి మధ్య దారి చాలా సన్నం. ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

సైకిలు మంచిది, ముందుకి వాలి తొక్కుతారు కాబట్టి కాలువ తెరుచుకునే ఉంటుంది. అపార్ట్‌మెంట్ జిమ్‌లో తొక్కమన్నాను. జరగలేదు. చీర, సిగ్గు, జన్మలో సైకిలు ఎక్కని భయం. వారం పోయాక కుర్చీలో కూర్చుని తొక్కే చిన్న పెడల్ యంత్రం తెప్పించారు. మనవరాలిని పక్కన ఉయ్యాల్లో వేసుకుని, మధ్యాహ్నం సీరియల్ అయ్యేదాకా తొక్కేవారట. ఆ నడుం బెల్టు పెట్టుకుంటే నడుం నిటారుగా నిలబడి కాళ్ళు ఇంకా లాగుతున్నాయన్నారు. తీసేయమన్నాను.

వంటింటిని మార్చడం వల్ల వచ్చినంత లాభం నా చేతివల్ల వచ్చిందని చెప్పలేను. సింకు ముందు ఒక కాలు పెట్టుకోవడానికి చిన్న పీట. కూరలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తరగడం. గిన్నెలు తోమే పని కొడుకుది. ఈ చివరిది నేను గట్టిగానే చెప్పాను.

పార్కు నడకకి స్ట్రాలర్ ఇచ్చాం. మనవరాలిని అందులో వేసి, హ్యాండిల్ మీద కొంచెం వాలి తోసుకుంటూ నడవాలి. మొదటిరోజే ఇరవై నిమిషాలు నడిచొచ్చారు. ఆ సాయంత్రం కోడలు పంపిన ఫోటో ఇంకా నా దగ్గరుంది.

ప్రతి సందర్శనలోనూ ఇక 'ఎలా ఉంది' అని అడగలేదు. గడియారం పెట్టి, ఏ ఆసరా లేకుండా కారిడార్‌లో ఎంతసేపు నడవగలరో కొలిచాను. రెండు నిమిషాల నుంచి రెండో వారానికి ఐదు, నాలుగో వారానికి పదకొండు. అక్కడ వారానికి రెండుసార్లని పదిహేను రోజులకొకసారికి తగ్గించాను. ఆవిడ ప్రతిసారీ డాలర్లని రూపాయల్లోకి మార్చి బాధపడుతున్నారు, ఆ బాధ న్యాయమైనదే. పైగా పిట్స్‌బర్గ్‌లో ఇదే జబ్బు ఉన్న 259 మంది మీద జరిగి 2019లో వచ్చిన పరిశోధనలో, చేతి వైద్యంతో పాటు ఒక్కొక్కరికీ విడిగా నేర్పిన వ్యాయామం చేసినవాళ్ళు రెండు నెలలప్పుడు మిగతావాళ్ళకంటే బాగున్నారు, ఆరు నెలలకి తేడా మిగల్లేదు. అంటే నా చెయ్యి కొంతకాలం ఆసరా ఇస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఆవిడ సొంతంగా చేసుకునేదే. ఎనిమిదో వారానికి పదిహేడు నిమిషాలు. తిమ్మిరి పూర్తిగా పోలేదు. నిలబడి పావుగంట దాటితే ఇప్పటికీ వస్తుంది.

నేర్చుకున్నవి

ఇంటివాళ్ళు నింపిన ఫారం నమ్మను ఇప్పుడు. పెద్దవాళ్ళు ఎవరొచ్చినా మొదటి పదిహేను నిమిషాలు వాళ్ళొక్కరితోనే, వాళ్ళ మాటల్లోనే వింటాను, ఆ మాటల్ని తెలుగులోనే రాసుకుంటాను. యాభై దాటిన ఎవరినైనా బండి ప్రశ్న అడుగుతాను: తోసుకుంటూ నడిస్తే తేడా ఉందా? నాకు రోజూ కనిపించే జబ్బు వేరు కాబట్టి, ఎదురుగా ఉన్న మనిషిలోనూ దాన్నే చూశాను. ఇది మళ్ళీ జరగదని మాటివ్వలేను, అందుకే ఆరో సందర్శన పరీక్షని మూడోదానికి జరిపాను.

కైరోప్రాక్టర్ దగ్గరకి వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాట ఒకటుంది. మొదటిరోజు మిమ్మల్ని ప్రశ్నలడగకుండా, నరాలూ బలమూ చూడకుండా బల్ల ఎక్కిస్తే దిగి వచ్చేయండి. ఏం చేయబోతున్నారు, దానివల్ల రాగల హాని ఏమిటి, వేరే మార్గాలేమున్నాయి అని వాళ్ళు చెప్పి, మీ ఒప్పుదల అడగాలి. ఎన్నిసార్లు రావాలో, ఏది కొలిచి మెరుగని తేలుస్తారో, మెరుగు లేకపోతే ఎవరి దగ్గరకి పంపుతారో అడగండి. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ మాకు లైసెన్సు బోర్డు ఉంది, పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇండియాలో కైరోప్రాక్టర్లకి డాక్టర్లకున్నట్టు చట్టబద్ధమైన ప్రత్యేక కౌన్సిల్ లేదు. అక్కడ వీడియోలు చూసి వెళ్ళేవాళ్ళు, ఎదురుగా ఉన్న మనిషి ఎక్కడ, ఎన్నేళ్ళు చదివాడో అడగడానికి మొహమాటపడకండి. మెడ విషయంలో మరీ జాగ్రత్త. మెడ ధమని గోడ చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదు, కానీ మెడ తిప్పే చికిత్స తర్వాత అలా జరిగిన సందర్భాలున్నాయి. ఎన్నడూ లేనంత మెడనొప్పి, తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చూపు రెండుగా కనిపించినా మా దగ్గరకి కాదు, ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ కొడుకు తన మెడ కూడా ఒకసారి టక్కుమనిపించమన్నాడు. ముందు పరీక్ష చేశాను. బిగుసుకున్నది భుజం కండరం. మెడ తిప్పాల్సిన పని లేకపోయింది.

ఆవిడ వెళ్ళేముందు ఒక కాగితం రాసిచ్చాను, తెలుగులో. ఎక్స్‌రే, డెక్సా ఫలితాలు, ఏ వ్యాయామం చేయాలి, ఏది చేయకూడదు, ఏ లక్షణం వస్తే ఆలస్యం చేయకూడదు. వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర గురించి డాక్టరుగారు చెప్పిందీ అందులో చేర్చాను: పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో, వేసుకున్నాక అరగంట పడుకోకుండా.

రెండు నెలల తర్వాత ఊరినుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వాళ్ళాయన పాత సైకిలు తోసుకుంటూ గుడిదాకా వెళ్ళి వస్తున్నారట. ఎక్కడం రాదు, హ్యాండిల్ మీద వాలి తోయడమే. "దారిలో అందరూ అడుగుతున్నారమ్మా, పంక్చరైందా అని. నా నడుంలో కాలవ గురించి చెప్పి పంపిస్తున్నాను."